1964 ఈహెచ్ హోల్డెన్ కొందామనుకుంటున్నా: ఏం చూడాలి, ఎలా స్టార్ట్ చేయాలి?

కాలమ్‌షిఫ్ట్_64

అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఒక 1964 ఈహెచ్ (హోల్డెన్ కంపెనీ పాత మోడల్ కారు) స్పెషల్ సెడాన్ చూశా. 149 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, స్టీరింగ్ కాలమ్ మీద మూడు గేర్ల మాన్యువల్. ఏళ్ల తరబడి షెడ్డులోనే ఉంది, రెజో (రిజిస్ట్రేషన్) లేదు. పెయింట్ మాత్రం ఈమధ్యే వేసినట్టు తళతళలాడుతోంది. బ్యాటరీ పెట్టి అక్కడే స్టార్ట్ చేసి చూపిస్తానంటున్నాడు అమ్మే ఆయన. నా ప్రశ్నలు: తుప్పు ఎక్కడెక్కడ వెతకాలి? ఇప్పటి పెట్రోల్ సరిపోతుందా? బ్రేకులు నాలుగూ డ్రమ్ములే, డిస్కులకు మార్చాలా? క్లబ్ పర్మిట్ (పాత కార్లను ఏడాదిలో కొన్ని రోజులే నడపడానికిచ్చే అనుమతి) మీద నడపాలని ఆలోచన.

తుప్పువేట

ముందు ఒక మాట. స్టార్ట్ చెయ్యొద్దనండి, కారణం కింద ఎవరో ఒకరు చెప్తారు. నేను బాడీ సంగతి చెప్తా. ఈహెచ్‌లకు ఇంజిన్ దొరకడం సమస్య కాదు, డబ్బంతా తాగేది రేకే. కొత్త పెయింట్‌ని చూసి మురిసిపోకండి, అనుమానించండి.

ఫ్రిజ్ మీద అంటించే పల్చటి అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. వెనక గార్డుల (చక్రాల మీది రేకుల) అడుగు, వెనక చక్రానికి ముందుండే వంపు, తలుపుల అడుగు అంచులు, వెనక దీపాల చుట్టూ, సిల్స్ (తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టె లాంటి రేకు) పొడుగునా మెల్లగా జరుపుతూ పోండి. పట్టు వదిలిన చోటల్లా పుట్టీ ఉంది, ఇక్కడివాళ్లు బాగ్ అనేది అదే. రెండు మూడు మిల్లీమీటర్ల మందమైతే మామూలే. అయస్కాంతం జారి కింద పడితే, ఆ అడుగున రేకు ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి. తర్వాత చాపలు ఎత్తి ఫ్లోర్ చూడండి, బూట్‌లో స్పేర్ చక్రం తీసి ఆ గుంట చూడండి. హోస్‌తో ముందు అద్దం కింది అంచున రెండు నిమిషాలు నీళ్లు వదలండి. కాళ్ల దగ్గరకు నీళ్లు దిగితే మరమ్మతు డాష్‌బోర్డ్ ఊడదీసేదాకా వెళ్తుంది.

అన్నిటికంటే ముఖ్యం సిల్స్. ఈ కారుకి విడిగా చాసిస్ లేదు, బరువు మోసేది బాడీయే. సిల్ పాడైతే నడుము విరిగినట్టే. ముందు తలుపు తెరిచి, వెనక అంచు పట్టుకుని పైకి లేపి చూడండి. తలుపు ఊగితే అరిగింది హింజ్. ఊగకుండానే మూసేటప్పుడు తలుపు గీసుకుంటుంటే బాడీ కుంగిందని అర్థం.

సిల్ మార్చాల్సి వస్తే కోసేముందే తలుపు సందులో అడ్డంగా, ఏటవాలుగా 25 మిల్లీమీటర్ల చదరపు ట్యూబు వెల్డ్ చేయండి. కారు బరువు సస్పెన్షన్ మీదే ఉంచండి, మధ్యలో జాక్ పెట్టి వేలాడదీస్తే వంగిన ఆకారంలోనే వెల్డ్ అయిపోతుంది. ఒక వైపు పూర్తిగా ముగిశాకే రెండో వైపు కొయ్యండి. కొత్త సిల్‌ని టాకులతో (చిన్న చుక్క వెల్డ్‌లతో) పట్టించి, తలుపులు బిగించి, సందులు సమంగా వచ్చాయో లేదో చూసుకున్నాకే పూర్తి వెల్డింగ్. అంచు మీద 8 మిల్లీమీటర్ల రంధ్రాలు కొట్టి ప్లగ్ వెల్డ్ చేస్తే ఫ్యాక్టరీ స్పాట్ వెల్డ్ లాగే కనిపిస్తుంది. ఒక రేకు మీద ఒకటి కూర్చునే చోట వెల్డ్-త్రూ జింక్ ప్రైమర్, పెయింట్ అయ్యాక లోపలికి కావిటీ వ్యాక్స్. అడుగున నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి, పాత సిల్ కుళ్లడానికి సగం కారణం అదే.

ఇంకోటి. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో ప్యానెల్ అతుకులు సీసంతో నింపేవాళ్లు. అక్కడ పొడిగా సాండింగ్ చేస్తే సీసం ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి పెట్టి, మాస్క్‌తో చేయండి.

ఎర్రమోటార్

స్టార్ట్ ఎందుకు వద్దంటే: ఏళ్లు నిలిచిన ఇంజిన్‌లో రింగులు సిలిండర్ గోడకి అతుక్కుని ఉంటాయి, ఆయిలంతా సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) దిగిపోయి ఉంటుంది. కీ తిప్పగానే ఎండు లోహం మీద ఎండు లోహం రాసుకుంటుంది.

ముందు డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ కంపు కొడుతుంటే మెకానికల్ ఫ్యూయెల్ పంప్‌లో డయాఫ్రం చిరిగి సంప్‌లోకి కారింది. ఆ ఆయిల్‌తో ఒక్క చుట్టు కూడా తిప్పకండి. ఇది దాటాక ఆరు ప్లగ్‌లు తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల పల్చటి ఆయిల్ పోసి ఒకట్రెండు రోజులు వదిలేయండి. క్రాంక్ పుల్లీ మధ్యలో సాకెట్ పెట్టి తిప్పుదామనుకుంటారేమో, ఈ ఎర్ర ఇంజిన్లలో (ఎర్ర రంగు వేసిన ఈ హోల్డెన్ ఆరు సిలిండర్ల ఇంజిన్లకు ఆ పేరు) చాలావాటికి అక్కడ బోల్టే ఉండదు, బ్యాలెన్సర్ ప్రెస్ చేసి బిగించింది. టాప్ గేర్‌లో పెట్టి కారుని ముందుకీ వెనక్కీ మెల్లగా నెట్టడమే మార్గం. ఫ్రీగా తిరిగాక ఆయిల్, ఫిల్టర్ మార్చండి. 20డబ్ల్యూ-50 మినరల్, జింక్ ఎక్కువున్నది తీసుకోండి, ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కి అది కావాలి. ప్లగ్‌లు బయటే ఉంచి, కాయిల్ వైరు తీసేసి, ఆయిల్ దీపం ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పి, ఆ తర్వాతే ప్లగ్‌లు, వైరు పెట్టి స్టార్ట్ చేయండి. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4.

పెట్రోల్: ట్యాంక్‌లో ఉన్నది పారబోయాల్సిందే, రబ్బరు గొట్టాలన్నీ మార్చాల్సిందే. ఈ10 (పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) జోలికి వెళ్లొద్దు, పాత రబ్బరును తినేస్తుంది. సీసం కలిపిన పెట్రోల్ ఆస్ట్రేలియాలో 2002 జనవరి 1 నుంచి లేదు. సీసం లేకపోతే ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు కొంచెం కొంచెంగా అరిగి వాల్వ్ లోపలికి దిగుతుంది. ఈ ఇంజిన్‌లో చిక్కేంటంటే, హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్ ఒత్తిడితో సర్దుకుంటూ వాల్వ్‌ను నెట్టే ముక్కలు) ఆ తేడాను సర్దేసుకుంటాయి, చప్పుడేమీ రాదు. లిఫ్టర్ సర్దుకునే హద్దు దాటాక వాల్వ్ మూసుకోదు, అప్పటికి ఆలస్యం. అందుకే ఏడాదికోసారి కంప్రెషన్ టెస్ట్ చేసి అంకెలు రాసిపెట్టుకోండి. వారాంతాల్లో మెల్లగా తిప్పే కారుకి సీసం బదులు వాడే అడిటివ్ చాలు. ఎలాగూ హెడ్ దించితే మాత్రం గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించండి.

టైమింగ్ గేరు కూడా అడగండి. ఒరిజినల్ క్యామ్ గేరు ఫైబర్‌ది, వయసు మీద పడితే పళ్లు రాలిపోతాయి, ఇంజిన్ నడిరోడ్డు మీద ఆగిపోతుంది. అల్యూమినియంది వేస్తే కొంచెం మోత పెరుగుతుంది, అంతే.

ఇంజిన్ నంబర్ 149తో మొదలవ్వాలి. 186తో మొదలైతే అది 1966లో హెచ్‌ఆర్ అనే తర్వాతి హోల్డెన్ మోడల్‌తో వచ్చిన ఇంజిన్. చెడ్డదేం కాదు, కానీ ఒరిజినల్ ధర ఇవ్వకండి. బాడీ ప్లేటు మీద మోడల్ కోడ్ స్పెషల్ సెడాన్‌కి 225 ఉండాలి.

డ్రమ్ముల_పక్షం

బ్రేకుల మీద నాది వేరే అభిప్రాయం, చాలామంది ఒప్పుకోరు. డ్రమ్ములు సరిగ్గా సెట్ చేస్తే ఈ బరువుకి చాలు. సాధారణంగా జనం తిట్టేది డ్రమ్మును కాదు, ఇరుక్కున్న వీల్ సిలిండర్‌ను, లోపల ఉబ్బిన రబ్బరు గొట్టాన్ని. పెడల్ వదిలినా ఒక చక్రం పట్టుకునే ఉంటే దోషం గొట్టానిది. అసలు భయపడాల్సింది మాస్టర్ సిలిండర్‌కి. ఈహెచ్‌లో ఒకే సర్క్యూట్, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. ముందు దాన్ని రెండు సర్క్యూట్లదిగా మార్పించండి.

డ్రమ్ తెరిచినప్పుడు గాలి కొట్టి ధూళి ఊదకండి. ఆస్ట్రేలియాలో ఆస్బెస్టాస్ పూర్తిగా నిషేధమైంది 2003 డిసెంబర్ 31న, పాత లైనింగుల్లో అది ఉందనే అనుకోండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టేయండి.

ఎర్రమోటార్

కొండ దిగేటప్పుడు డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి, దాన్ని మాత్రం ఎంత సెట్ చేసినా ఆపలేం. డిస్కులే కావాలంటే హెచ్‌ఆర్ డిస్క్ ఫ్రంట్ ఎండ్ మొత్తంగా దింపి వేసుకోవడం పాత దారి. దాంతో ఈహెచ్ ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్నులు పోయి బాల్ జాయింట్లు వస్తాయి, స్టీరింగ్ కూడా తేలికవుతుంది. మొదలుపెట్టే ముందే వాస్ ఇంజనీర్‌తో (విక్టోరియాలో కారు మార్పులకు ఆమోదం ఇచ్చే ఇంజనీర్) మాట్లాడండి, అయ్యాక కాదు.

తుప్పువేట

డబ్బు కట్టేముందు చాసిస్ నంబర్‌తో పీపీఎస్‌ఆర్ (కారు మీద అప్పు ఉందో లేదో చెప్పే ప్రభుత్వ రిజిస్టర్) చూసుకోండి, రెండు డాలర్లు. 17 అక్షరాలు, అంకెల విన్ (వాహన గుర్తింపు నంబర్) వచ్చింది 1989లో, దీనికి ఉండదు.

పర్మిట్‌కి విక్టోరియాలో 25 ఏళ్లు దాటితే చాలు, న్యూ సౌత్ వేల్స్‌లో 30. విక్టోరియాలో గుర్తింపు ఉన్న క్లబ్ సభ్యత్వం, రోడ్‌వర్తీ (కారు రోడ్డు మీద నడపడానికి సురక్షితమనే సర్టిఫికెట్), తర్వాత ఏడాదికి 45 లేదా 90 రోజులు నడపడానికి లాగ్‌బుక్. బండి తీసే ప్రతి రోజూ కదిలేముందే రాయాలి. రోడ్‌వర్తీ సర్టిఫికెట్ 30 రోజులే చెల్లుతుంది, కాబట్టి క్లబ్ కాగితాలు చేతికొచ్చాకే చేయించండి.