డాక్టర్ రాబిన్సన్‌పై అభిశంసన: తప్పుకా, పగకా?

పాతకాగితాలు:
అమెరికాలో అభిశంసన ఎదుర్కొన్న మొదటి రాష్ట్ర గవర్నర్ ఒక డాక్టర్: కాన్సస్ తొలి గవర్నర్ చార్లెస్ రాబిన్సన్. రాష్ట్రం అప్పు తెచ్చుకోడానికి అమ్మిన బాండ్ల (అప్పుపత్రాల) గొడవలో 1862లో కాన్సస్ దిగువ సభ అభిశంసించింది, అక్కడి సెనేట్ విచారించి వదిలేసింది. నన్నడిగితే ఇదంతా ఆయనంటే పడని జిమ్ లేన్ (కాన్సస్ తరఫున వాషింగ్టన్ సెనేట్‌లో ఉన్నవాడు) వర్గం పని. మసాచుసెట్స్‌లో వైద్యం చేసుకునే మనిషి బంగారం రోజుల్లో కాలిఫోర్నియా వెళ్లాడు. 1850లో శాక్రమెంటో భూముల గొడవలో తూటా తగిలి, జైల్లో ఉండగానే అక్కడి శాసనసభకు గెలిచాడు. 1854 నుంచి కాన్సస్‌లో బానిసత్వం అడుగుపెట్టకూడదని పోరాడాడు. 1856లో రాజద్రోహమని నాలుగు నెలలు బంధించారు, లారెన్స్‌లో ఇల్లు తగలబెట్టారు. అలాంటి మనిషి బాండ్ల సొమ్ముకు ఆశపడతాడా?

కృష్ణాతీరం:
అన్ని కష్టాలు పడ్డాడని లెక్క అడగకూడదా అండీ? ఆ బాండ్లను డాలరుకు 70 సెంట్లకు తక్కువగా అమ్మొద్దని చట్టం. వాటిని అమ్మిపెట్టిన ఏజెంట్ రాబర్ట్ స్టీవెన్స్ కేంద్ర ఇంటీరియర్ శాఖకు 85 సెంట్లకు అమ్మి, రాష్ట్రానికి 60 చొప్పునే ఇచ్చేట్టు ఒప్పుకున్నాడు. మధ్యలో పాతిక సెంట్లు! అప్పుడే పుట్టిన రాష్ట్రం, ఖజానా ఖాళీ, పైగా అంతర్యుద్ధం. మీరు చెప్పిన పగ కథ నిజమే అయినా, ఈ పాతిక సెంట్లు పగవల్ల పోలేదు.

పాతకాగితాలు:
రాష్ట్రం తరఫున 60కి ఒప్పుకున్నది ఆడిటర్ హిల్యర్, రాష్ట్ర సెక్రటరీ జాన్ రాబిన్సన్. (ఇంటిపేరు ఒకటే, ఈయన వేరు.) వాళ్లిద్దరి పదవులూ ఊడాయి. గవర్నర్‌కు ఆ ఒప్పందం తెలుసని రుజువు కాలేదు. ఆ తర్వాత 1870ల్లో జనం ఆయన్ను రాష్ట్ర సెనేట్‌కు గెలిపించారు కూడా.

కృష్ణాతీరం:
సరే, డబ్బు తిన్నాడని నేనూ అనను. కానీ అదే సెనేట్ ఇద్దర్ని పంపించి ఈయన్ను వదిలిందంటే సాక్ష్యం చూసే తీర్పిచ్చినట్టు కదా, లేన్ మాట విని కాదు. ఇక బాండ్లు అమ్మే అధికారం చట్టం ఇచ్చింది గవర్నర్‌తో కలిపి ముగ్గురికి. రోగికి ఏ మందు వెళ్తోందో చూసుకునే డాక్టర్‌కు, తన రాష్ట్రం బాండ్లు ఎంతకు పోతున్నాయో కనుక్కోవడం కష్టమా? జైలుకైనా సిద్ధపడ్డ మనిషి ఆ ఒక్క ప్రశ్న అడగలేదన్నదే నాకు బాధ. అందుకే ఆ విచారణ జరగడం న్యాయమే అంటాను, నిర్దోషిగా బయటపడడమూ న్యాయమే.