సమస్య: "దొంగయైన వాఁడె దొరయు నయ్యె"

నిర్వహణ: పై పాదమే చివరి పాదంగా వచ్చేలా మిగతా మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి. ఈ వారం ఛందస్సు ఆటవెలది, విషయం రుక్మిణీ కల్యాణం. పూరించే ముందు పోతనగారి "అంకిలి సెప్పలేదు" పద్యం ఒక్కసారి పైకి చదువుకోండి, ముఖ్యంగా చివర్న "భవదీయశౌర్యమే యుంకువ సేసి కృష్ణ! పురుషోత్తమ! చేకొనిపొమ్ము వచ్చెదన్" అన్న చోట. ఉంకువ అంటే ఓలి, పెళ్లికొడుకు వైపు నుంచి ఇచ్చే సొమ్ము. నాకు డబ్బు కాదు, నీ శౌర్యమే ఓలిగా ఇచ్చి తీసుకెళ్లు అని కృష్ణుడితో అంటోంది రుక్మిణి.

పూరణ 1 (కరీంనగర్ నుంచి)

వెన్న దోచె నాఁడు వ్రేపల్లె యిండ్లలో
కన్నె మనసు దోచెఁ గానకుండ
రథము నెక్కి వచ్చి రమణినిఁ గొనిపోయి
దొంగయైన వాఁడె దొరయు నయ్యె

నిర్వహణ: ధార బాగుంది అన్నా. "కానకుండ" నాకు చాలా నచ్చింది, ఎందుకంటే రుక్మిణి కృష్ణుణ్ణి చూసి వలచలేదు, ఇంటికొచ్చినవాళ్లు ఆయన గుణాలు చెప్పుకుంటుంటే విని వలచింది, ఆ సంగతంతా ఒక్క మాటలో వచ్చేసింది. మూడో పాదమే ఇబ్బంది. "రమణినిఁ గొనిపోయి" అంటే వెన్నకుండని ఎత్తుకుపోయినట్టే ఉంది.

పూరణ 1 కవి: పోతనగారే "చేకొనిపొమ్ము" అన్నారు కదా, నేను "గొనిపోయి" అంటే తప్పేముంది?

నిర్వహణ: ఆ మాట అన్నది రుక్మిణి. మీ పద్యంలో ఆవిడ నోరే విప్పలేదు. ఆ వెంటనే "వచ్చెదన్" అని కూడా అంది చూడండి, అది తీసేస్తే మిగిలేది దొంగతనమే. రాక్షస వివాహం, అంటే బలంతో కన్యను తీసుకెళ్లి చేసుకునే పెళ్లి, అని పేరు పెట్టిందీ ఆవిడే. అంతఃపురంలోంచి తేవాలంటే మా బంధువుల్ని చంపాల్సొస్తుందని నువ్వు వెనకాడతావేమో, పెళ్లికి ముందు గౌరీపూజకి నన్ను ఊరు దాటిస్తారు, అక్కడికి రా అని తర్వాతి పద్యంలో ఉపాయం చెప్పిందీ ఆవిడే.

పూరణ 2 (డాలస్ నుంచి, ఇది నా రెండో ప్రయత్నం)

అన్న కాదటంచు నడ్డమై నిలిచిన
వత్తు ననుచుఁ దానె కబురు పంపె
పిలిచినట్టి చెలికిఁ బెనిమిటి యగుటచే
దొంగయైన వాఁడె దొరయు నయ్యె

నిర్వహణ: భావం సరిగ్గా పట్టుకున్నావమ్మా. రెండో పాదంలో యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కలవాల్సిన అక్షరం కలవలేదు, "వ"కి "క" కుదరదు. "వార్త పంపె" అంటే సరిపోతుంది. "కబురు"లో ఉన్న చనువు "వార్త"లో లేదు, ఆ మాట పోతున్నందుకు నాకూ బాధగానే ఉంది. లేఖ అనకపోవడం మంచి పని. అందరం ప్రేమలేఖ అంటాం గానీ, పోతనలో అది బ్రాహ్మణుడు వెళ్లి కృష్ణుడికి విన్నవించిన సందేశం.

పూరణ 2 కవయిత్రి: మార్చాను మాస్టారూ. పెళ్లి కుదరాలని మా అమ్మమ్మ నాతో రోజూ రుక్మిణీ కల్యాణం చదివించేది. సంబంధాల టెన్షన్‌లో గబగబా చదివేసి పుస్తకం మూసేదాన్ని, "వచ్చెదన్" దగ్గర ఒక్కరోజు కూడా ఆగలేదు.

నిర్వహణ: నాయకుల అవినీతి మీద ఇంకో మూడు పూరణలు వచ్చాయి, ఛందస్సు బాగానే ఉంది కానీ ఈ వారం విషయం అది కాదు.

పూరణ 1 కవి: మూడో పాదం తిరగరాశాను, చూడండి.

రమ్ము వత్తు ననిన రమణితోఁ జనుటచే