యూజర్ అకౌంట్ పేరు తెలుగులో ఉంటే జపనీస్ విజువల్ నావెల్ ఇన్‌స్టాల్ అవ్వదా?

రేగుపండు

విండోస్ 11, 64 బిట్. సిస్టమ్ లొకేల్ (యూనికోడ్ తెలియని ప్రోగ్రామ్‌లకి విండోస్ వాడే భాష సెట్టింగ్) ఇంగ్లిష్ (ఇండియా). గేమ్ (విజువల్ నావెల్, అంటే బొమ్మలతో చదువుకునే కథ) 2006 నాటిది, జపనీస్ ఒరిజినల్, రెండు డీవీడీలు. ల్యాప్‌టాప్‌కి డీవీడీ డ్రైవ్ లేదు కాబట్టి వేరే సిస్టమ్‌లో రెండూ ఐఎస్‌ఓ ఫైళ్ళుగా తీసి పెట్టాను. కంపెనీ సైట్‌లో ఇచ్చిన ప్యాచ్ కూడా జిప్ రూపంలో ఉంది.

1. సెటప్ తెరిస్తే బటన్ల మీద జపనీస్ బదులు కింద కొక్కెం తిరిగిన ఎఫ్ అక్షరాలు, కామాలు, మధ్యమధ్య స్క్వేర్ బ్రాకెట్లు. గుడ్డిగా నెక్స్ట్ కొడితే కాపీ మొదలవ్వకముందే టెంపరరీ ఫోల్డర్ సృష్టించలేమని ఎర్రర్.

2. లొకేల్ ఎమ్యులేటర్ (ఒక్క ప్రోగ్రామ్‌కి మాత్రమే లొకేల్ జపనీస్ అని చూపించే టూల్) 2.5.0.1 వేశాక జపనీస్ చక్కగా కనబడుతోంది. ఎర్రర్ మాత్రం అదే, అక్కడే.

3. ప్యాచ్ జిప్ విప్పితే లోపలి ఫైళ్ళ పేర్లన్నీ చెత్త అక్షరాలు.

విండోస్ అకౌంట్ పేరు తెలుగులో ఉంది. సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లోనూ ఆ పేరు తెలుగులోనే కనిపిస్తుంది. సిస్టమ్ లొకేల్‌నే జపనీస్‌కి మార్చేయమని చాలాచోట్ల రాశారు. కానీ ఇదే కంప్యూటర్‌లో ఇంట్లోవాళ్ళు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్ళిపత్రికలు, కరపత్రాలు చేస్తారు. లొకేల్ మారిస్తే వాళ్ళ పనికి ఇబ్బందా?

అచ్చుతప్పు

ఇబ్బందే. సిస్టమ్ లొకేల్ జోలికి వెళ్ళకండి. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ కలిపి ఒకే అంకెల పట్టిక) కావు. తెలుగు అక్షరాల ముక్కల్ని 255 లోపు అంకెల్లో సర్దుకుంటాయి, పేజ్‌మేకర్ ఆ అంకెల్ని ఒక్కొక్కటిగా చదువుతుంది. జపనీస్ లొకేల్ (కోడ్ పేజీ 932; కోడ్ పేజీ అంటే ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పాత తరహా పట్టిక) పెడితే 129 నుంచి 159 వరకు, 224 నుంచి 252 వరకు ఉన్న బైట్లు ఒంటరిగా నిలబడవు. పక్క బైటుని కలుపుకుని ఒక జపనీస్ అక్షరం అయిపోతాయి. పత్రికలో ఒత్తులు, గుడింతాలు తారుమారవుతాయి. లొకేల్ వెనక్కి తిప్పితే పాత ఫైళ్ళు మామూలుగానే తెరుచుకుంటాయి గానీ, ఆ మధ్యలో ఎవరైనా దిద్ది సేవ్ చేశారంటే ఆ పని పోయినట్టే.

మీ అసలు సమస్య రెండోది. ఎమ్యులేటర్ వేశాక కూడా ఎర్రర్ కదలకపోవడానికి కారణం అకౌంట్ పేరే. ఆ కాలపు ఇన్‌స్టాలర్ ముందు తన ఫైళ్ళని టెంప్ ఫోల్డర్‌లో విప్పుకుంటుంది. ఆ టెంప్ మీ యూజర్ ఫోల్డర్ లోపలే ఉంది. ప్రోగ్రామ్‌కి యూనికోడ్ రాదు కాబట్టి విండోస్ ఆ దారిని కోడ్ పేజీలోకి మార్చి ఇస్తుంది. 932లో తెలుగు లేదు. మీ ఇంగ్లిష్ లొకేల్ వాడే 1252లోనూ లేదు. తెలుగుకి విండోస్‌లో అసలు పాత తరహా కోడ్ పేజీయే లేదు, మొదట్నుంచీ యూనికోడ్ ఒక్కటే. అందుకని పేరులోని ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం వస్తుంది. ప్రశ్నార్థకం విండోస్ ఫైల్ పేర్లలో వాడకూడని గుర్తు, కాబట్టి ఆ ఫోల్డర్ దొరకదు, సృష్టించడమూ కుదరదు.

అకౌంట్ పేరుని సెట్టింగ్స్‌లో ఇంగ్లిష్‌కి మార్చుకుంటే సరిపోదు. మారేది తెరమీద కనిపించే పేరే, ఫోల్డర్ పేరు మొదటిసారి పెట్టిందే ఉండిపోతుంది. గేమ్ కోసం ఇంకో లోకల్ అకౌంట్ చేయండి: సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్. మైక్రోసాఫ్ట్ మెయిల్ అడిగినప్పుడు ఆ వ్యక్తి వివరాలు నా దగ్గర లేవనే లింకు నొక్కి, తర్వాతి తెరలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ని చేర్చే లింకు నొక్కాలి. పేరు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా.

ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. కొత్త అకౌంట్‌ని స్టాండర్డ్‌గా వదిలేస్తే సెటప్ నడిపేటప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు పాత తెలుగు అకౌంట్ పాస్‌వర్డ్ ఇస్తారు. అంటే సెటప్ ఆ తెలుగు అకౌంట్ కింద నడుస్తుంది, దాని టెంప్‌నే వెతుకుతుంది, మళ్ళీ అదే ఎర్రర్. కొత్త అకౌంట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చి, సైన్ అవుట్ అయి దాంట్లోకి వెళ్ళాకే మొదలుపెట్టండి.

లొకేల్ ఎమ్యులేటర్‌ని ప్రస్తుత యూజర్‌కి మాత్రమే ఇన్‌స్టాల్ చేసి ఉంటే కొత్త అకౌంట్‌లో రైట్ క్లిక్ మెనూలో కనబడదు. దాని ఫోల్డర్‌ని సి డ్రైవ్‌లో ఇంగ్లిష్ పేరుతో ఒకచోట పెట్టి, అందులోని ఇన్‌స్టాలర్‌ని మళ్ళీ నడిపి ఆల్ యూజర్స్ ఎంచుకోండి. ఆ తర్వాత ఫోల్డర్‌ని అక్కడి నుంచి జరపొద్దు. మెనూ లింకు ఆ చోటుకే కట్టి ఉంటుంది.

పాలపిట్ట

అచ్చుతప్పు గారు చెప్పిందే దారి. కొత్త అకౌంట్ వద్దనుకునేవాళ్ళకి ఇంకొకటుంది: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో యూజర్ విభాగంలో ఉన్న టెంప్, టీఎంపీ రెండింటినీ సి డ్రైవ్‌లో కొత్తగా చేసిన ఒక ఇంగ్లిష్ పేరు ఫోల్డర్‌కి మార్చడం. ఒక్కటే మార్చి ఊరుకోవద్దు, కొన్ని ఇన్‌స్టాలర్లు రెండోదాన్ని చూస్తాయి. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని కూడా ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ నుంచి వేరే డ్రైవ్‌కి జరపాలి, ఎందుకంటే సేవ్ ఫైళ్ళు అక్కడ దాచే గేమ్‌లు చాలా ఉన్నాయి. అయితే యాప్‌డేటాలో దాచే గేమ్‌కి ఇదీ పనికిరాదు. కొత్త అకౌంటే మేలు.

మూడోదానికి వద్దాం. జిప్ ఫార్మాట్‌లో ఫైల్ పేరు బైట్లుగా ఉంటుంది. యూటీఎఫ్-8 అని చెప్పే గుర్తు లేకపోతే, అది ఏ కోడ్ పేజీయో జిప్ చెప్పదు. జపనీస్ విండోస్‌లో కట్టిన జిప్ షిఫ్ట్-జిస్‌లో (పైన చెప్పిన 932 అదే) ఉంటుంది, మీ విండోస్ తనకి తెలిసిన పేజీతో చదువుతుంది. కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌తో విప్పకండి. విన్‌రార్ ఉంటే జిప్ తెరిచి, ఆప్షన్స్ మెనూలో నేమ్ ఎన్‌కోడింగ్ దగ్గర జపనీస్ 932 ఎంచుకుని, పేర్లు సరిగ్గా కనబడ్డాక విప్పండి. సెవెన్ జిప్ అయితే కమాండ్ లైన్‌లో విప్పమనే ఎక్స్ తర్వాత హైఫన్, వెంటనే ఎంసీపీ, ఈక్వల్ గుర్తు, 932 కలిపి రాయాలి, మధ్యలో ఖాళీ వదలకుండా. సెవెన్ జెడ్ ఫైళ్ళకీ, కొత్త తరహా రార్‌కీ ఈ బాధ లేదు, వాటిలో పేర్లు యూనికోడ్‌లోనే ఉంటాయి.

ఇప్పటికే విప్పిన ఫోల్డర్‌ని తీసేసి మళ్ళీ విప్పండి. చేత్తో పేర్లు మార్చి గట్టెక్కుదామనుకోవద్దు.

తెరమీద కనబడే చెత్తని జపనీస్ వాళ్ళు మోజిబాకే అంటారు. అది ఏ రకం చెత్తో చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. కొక్కెం ఎఫ్‌లు, కామాలు కనబడితే బైట్లు చెడలేదు, చదివే కోడ్ పేజీయే తప్పు. జపనీస్‌లో కటకానా, హిరగానా అని రెండు లిపులున్నాయి. కటకానా అక్షరాల్లో ఎక్కువ భాగం 83 అనే హెక్స్ (పదహారు ఆధారంగా రాసే అంకె) బైటుతో, హిరగానా 82తో మొదలవుతాయి. 1252లో 83 అంటే ఆ కొక్కెం ఎఫ్, 82 అంటే కామాలా ఉండే గుర్తు. కటకానాలో దీర్ఘానికి వాడే గీత రెండో బైటు 5బీ, అంటే స్క్వేర్ బ్రాకెట్. మీరు చూసింది అచ్చంగా ఇదే, అందుకే ఎమ్యులేటర్‌తో నయమైంది. వరసగా ప్రశ్నార్థకాలు కనబడితే సమాచారం పోయింది, మొదట్నుంచి మళ్ళీ చేయాల్సిందే. నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం ఉంటే కంట్రోల్ ప్యానెల్, రీజియన్, అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో సిస్టమ్ లొకేల్ మార్చే డబ్బా తెరిచి చూడండి: బీటా అని మొదలయ్యే యూటీఎఫ్-8 టిక్ పెట్టి ఉండొచ్చు, తీసేసి రీస్టార్ట్ చేయాలి. ఖాళీ చతురస్రాలైతే అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, ఫాంటే లేదు. ఎంఎస్ గోతిక్ విండోస్‌తోనే వస్తుంది. ఎంఎస్ మించో కోసం ఆప్షనల్ ఫీచర్స్‌లో జపనీస్ సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోవాలి.

గేమ్‌ని పెట్టే ఫోల్డర్ పేరు గురించి కూడా ఒక మాట. సెటప్ చూపించే జపనీస్ ఫోల్డర్ పేరుని ఒప్పుకోకండి. కటకానా 'సో' రెండో బైటు 5సీ, అది బ్యాక్‌స్లాష్. సాఫ్ట్ అనే మాట ఆ అక్షరంతోనే మొదలవుతుంది కాబట్టి కంపెనీ పేర్లలో తరచూ కనబడుతుంది. 932 తెలియని ప్రోగ్రామ్ ఆ పేరుని మధ్యలో విరిచి రెండు ఫోల్డర్లు అనుకుంటుంది. సి డ్రైవ్‌లో గేమ్స్ అని ఇంగ్లిష్‌లో ఒక ఫోల్డర్, దాని లోపల గేమ్ పేరు ఇంగ్లిష్‌లో.

ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మాత్రం వద్దు. పాత గేమ్ అక్కడ సేవ్ రాయబోతే విండోస్ గుట్టుగా దాన్ని యాప్‌డేటా లోకల్‌లోని వర్చువల్‌స్టోర్‌కి మళ్ళిస్తుంది. అడ్మిన్‌గా నడిపిన రోజు ఒకచోట, మామూలుగా నడిపిన రోజు ఇంకోచోట చూస్తుంది, సేవ్‌లు మాయమైనట్టు కనబడతాయి.

రేగుపండు

కొత్త అడ్మిన్ అకౌంట్, ఇంగ్లిష్ ఫోల్డర్, ఎమ్యులేటర్‌తో సెటప్. టెంప్ ఎర్రర్ పోయింది, మొదటి డిస్క్ మొత్తం కాపీ అయింది. ధన్యవాదాలండీ. రెండో డిస్క్ అడిగినప్పుడు రెండో ఐఎస్‌ఓని మౌంట్ చేస్తే తీసుకోవట్లేదు, అదే మెసేజ్ మళ్ళీ మళ్ళీ వస్తోంది.

అచ్చుతప్పు

మొదటిది ఇంకా మౌంట్ అయ్యే ఉంది, అందుకే రెండోది వేరే డ్రైవ్ అక్షరంలో కూర్చుంది. సెటప్ మాత్రం మొదలైన అక్షరంలోనే వెతుకుతుంది. సెటప్‌ని మూయకుండా, ఎక్స్‌ప్లోరర్‌లో మొదటి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్, ఆ తర్వాత రెండో ఐఎస్‌ఓ మీద డబుల్ క్లిక్. అదే అక్షరం వచ్చిందో లేదో చూసుకుని ఓకే కొట్టండి. వేరే అక్షరం వస్తే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మార్చుకోవచ్చు.

నీటిముల్లు

ఈ దారి వెతుక్కుంటూ వచ్చే మిగతావాళ్ళ కోసం రెండు మినహాయింపులు.

సెటప్ ఎంఎస్‌ఐ ఫైల్ అయితే ఎమ్యులేటర్ లాభం లేదు. కాపీ చేసేది విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు, అది వేరే ప్రాసెస్. ఎమ్యులేటర్ చేయి దానిదాకా చేరదు. అక్కడ సిస్టమ్ లొకేల్ జపనీస్ పెట్టి, రీస్టార్ట్ చేసి, ఇన్‌స్టాల్ అయ్యాక వెనక్కి తిప్పి, గేమ్‌ని మాత్రం ఎమ్యులేటర్‌తో నడపాలి. ఆ కాసేపూ పేజ్‌మేకర్ తెరవకూడదు.

1990ల నాటి డిస్కుల్లో గేమ్ 32 బిట్ అయినా ఇన్‌స్టాలర్ చాలాసార్లు 16 బిట్ ఉంటుంది. 64 బిట్ విండోస్ దాన్ని నడపదు, ఎన్ని కంపాటబిలిటీ టిక్‌లు పెట్టినా. విండోస్ 11 అయితే 64 బిట్ తప్ప లేదు. వర్చువల్ మెషీన్‌లో 32 బిట్ విండోస్ పెట్టి అక్కడ ఇన్‌స్టాల్ చేయడమే నికరం.

లినక్స్ వాళ్ళకి: ముందు జపనీస్ యూటీఎఫ్-8 లొకేల్‌ని సిస్టమ్‌లో జనరేట్ చేసుకోండి. అది లేకుండా ఎల్‌సీ ఆల్ వేరియబుల్‌లో పేరు పెట్టి వైన్ (లినక్స్‌లో విండోస్ ప్రోగ్రామ్‌లు నడిపేది) నడిపితే ఏమీ మారదు, ఎక్కువమంది తప్పేది అక్కడే. వైన్‌ట్రిక్స్‌లో సీజేకే ఫాంట్లు వేసుకోండి, గేమ్‌కొక ప్రిఫిక్స్ (వైన్ వాడే సొంత ఫోల్డర్) విడిగా పెట్టండి.

రేగుపండు

ఎజెక్ట్ చేసి పెడితే రెండో డిస్క్ తీసుకుంది. ఇన్‌స్టాల్ పూర్తయింది. ఫోల్డర్‌లో డేటా అనే పేరుతో ఎక్స్‌పీ3 ఫైల్ ఉంది. డెస్క్‌టాప్ షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేస్తే నారో స్ట్రింగ్‌ని వైడ్ స్ట్రింగ్‌గా మార్చలేమని ఇంగ్లిష్‌లో ఒక ఎర్రర్. ఎమ్యులేటర్‌తో తెరిస్తే గేమ్ వస్తోంది గానీ ఓపెనింగ్ వీడియో దగ్గర తెర నల్లగా ఉండిపోతోంది, పాట వినబడుతోంది.

పాలపిట్ట

ఎక్స్‌పీ3 ఉందంటే కిరికిరి ఇంజన్ (తెలుగు మాట కాదు, ఆ ఇంజన్ పేరే అది). ఆ ఎర్రర్‌కి అర్థం స్క్రిప్ట్ షిఫ్ట్-జిస్‌లో ఉంది, ఇంజన్ 1252తో చదవబోయింది అని. మామూలు షార్ట్‌కట్ తీసేయండి. గేమ్ ఈఎక్స్ఈ మీద రైట్ క్లిక్, షో మోర్ ఆప్షన్స్, లొకేల్ ఎమ్యులేటర్ మెనూలో ఆ ఫైల్‌కి ప్రొఫైల్ తయారుచేసి, అక్కడే షార్ట్‌కట్ కూడా చేయించుకోండి. ఇకనుంచి దాంతోనే తెరవాలి. ప్యాచ్ జిప్‌లో వచ్చింది ప్యాచ్ అనే పేరున్న ఎక్స్‌పీ3 అయితే ఈఎక్స్ఈ పక్కన పెడితే చాలు, ఇంజన్ తనంతట తనే చదువుకుంటుంది.

వీడియో సంగతి: పాట వస్తోందంటే ఫైల్ తెరుచుకుంది, బొమ్మని విప్పే డైరెక్ట్‌షో ఫిల్టర్ దగ్గరే ఆగింది. ఎల్ఏవీ ఫిల్టర్స్ వేయండి. మీ విండోస్ 64 బిట్ అయినా గేమ్ 32 బిట్ కాబట్టి 32 బిట్ ఫిల్టర్లే కావాలి. 64 బిట్‌వి మాత్రమే వేస్తే గేమ్‌కి అవి కనబడవు.

డీ3డీఎక్స్9 అని మొదలయ్యే డీఎల్ఎల్ ఏదైనా లేదంటే ఆ ఒక్క ఫైల్ కోసం ఊరూపేరూ లేని సైట్లకి పోకండి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే జూన్ 2010 డైరెక్ట్ఎక్స్ ప్యాకేజీ తీసుకోండి. అది నడిపితే ముందు ఏ ఫోల్డర్‌లో విప్పమంటారని అడిగి, విప్పి ఊరుకుంటుంది. అక్కడితో అయిపోయిందనుకుంటారు. ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి డీఎక్స్ సెటప్‌ని విడిగా నడిపితేనే ఇన్‌స్టాల్ అయ్యేది.

రేగుపండు

32 బిట్ ఎల్ఏవీ ఫిల్టర్స్‌తో వీడియో వచ్చింది. ప్యాచ్‌ని విన్‌రార్‌లో 932 పెట్టి విప్పాను, పేర్లు జపనీస్‌లో సరిగ్గా ఉన్నాయి, లోపల ఉన్నది ప్యాచ్ ఎక్స్‌పీ3యే. పక్కన పెట్టాక టైటిల్ తెర కింద వెర్షన్ అంకె మారింది. సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరిచి లోడ్ చేసి చూశాను, ఉంది. పాత అకౌంట్‌లో పేజ్‌మేకర్ కూడా తెరిచి చూశాను, పత్రికల్లో ఒక్క ఒత్తు కూడా మారలేదు.