అప్‌డేట్: ప్లేయర్ బతికింది, తప్పంతా కేబుల్‌దే

మొన్న అడిగిన గదా, పాటల ప్లేయర్‌కు కంప్యూటర్ నుంచి అప్‌డేట్ ఎక్కిస్తుంటే మధ్యలనే ఆగి, లోగో కాడనే నిలబడ్డదని. బాగైంది! కేబుల్ మార్చమని ఒకన్న చెప్తే, ఛార్జింగ్ ఎక్కుతుంటే కేబుల్ ఎట్ల ఖరాబైతదని నేనే వాదించిన. తప్పు నాదే అన్నా. యూఎస్‌బీ 2.0 వైరుల కరెంటుకు రెండు తీగలు, డేటాకు రెండు వేరే. నా దాంట్ల డేటా తీగ తెగీ తెగక ఉన్నట్టున్నది, జర కదిలిస్తే చాలు కనెక్షన్ పోతుండె.

నల్లగొండ క్లాక్‌టవర్ కాడ కొత్తది కొన్న. నడుమ ఉన్న హబ్ (ఒక్క పోర్టుకు ఎక్కువ వైర్లు పెట్టుకునే డబ్బా) తీసేసి ల్యాప్‌టాప్‌కు నేరుగ పెట్టి, రికవరీ మోడ్‌ల, అంటే ఆగిపోయిన ప్లేయర్‌కు సాఫ్ట్‌వేర్ మళ్ల ఎక్కించే మోడ్‌ల, పెట్టి ఎక్కిస్తే ఒక్క దెబ్బకు అయింది. పాటలన్నీ పోయినయి, అదొక బాధ. బాపు దాచుకున్న ఒగ్గుకథ రికార్డింగులు పెన్‌డ్రైవ్‌ల ఉండబట్టి ఇంట్ల తిట్లు తప్పినయి.