వెన్ను సర్దితే పిల్లలు ఎత్తు పెరుగుతారా?

కపిలతీర్థం రోడ్డు: బాబుకు ఆరేళ్లు, 108 సెంటీమీటర్లు. కైరోప్రాక్టిక్‌లో (వెన్ను కీళ్లను చేత్తో నొక్కి, తిప్పే పద్ధతి) వెన్ను సర్దితే ఎత్తు పెరుగుతాడంటూ తిరుపతిలో ఒకచోట పన్నెండు సిట్టింగుల ప్యాకేజీ చెబుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండన్నా.

చీలకాలు: ఎత్తు పెరిగేది వెన్ను సర్దితే కాదన్నా, ముఖ్యంగా కాళ్ల ఎముకల చివర ఉండే మెత్తటి గ్రోత్ ప్లేట్ల దగ్గర. వాటిని నడిపేవి తిండి, నిద్ర, థైరాయిడ్, గ్రోత్ హార్మోన్. తిప్పినప్పుడు వినిపించే ‘టక్’ ఎముక చోటికి చేరిన చప్పుడు కాదు, కీలు ద్రవంలో గ్యాస్ బుడగది. 108 తక్కువ వైపే గానీ ఎదుగుదల చార్టులో కింది గీతకు పైనే ఉంది. అమ్మానాన్నల ఎత్తులు కూడి, సగం చేసి, మగపిల్లాడికి ఆరున్నర కలపండి, ఆడపిల్లకైతే తీసేయండి. 165, 152 అయితే అబ్బాయికి పెద్దయ్యాక 165 వస్తుందని అంచనా. అటూ ఇటూ ఎనిమిది సెంటీమీటర్ల దాకా మామూలే.

టేపు పట్టినోడు: ఒక్క కొలతతో ఏమీ తేలదు, వేగం చూడాలి. నాలుగేళ్లు దాటాక ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరగాలి, నాలుగు కూడా రాకపోతే పిల్లల డాక్టరుకు చూపించాల్సిందే. ఎడమ మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసు, రక్తంలో థైరాయిడ్ చూస్తారు. కొలిచేటప్పుడు చెప్పులు తీసి, మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచి, తలమీద మూలమట్టం పెట్టండి. పొద్దున ఎత్తు సాయంత్రం కంటే కాస్త ఎక్కువ వస్తుంది, కాబట్టి ఎప్పుడూ ఒకే వేళకు కొలవండి. కొండమీద గుండు చేయించాక కొలిచి, ‘తగ్గాడే’ అని కంగారుపడకండి సామీ, పోయింది జుట్టు మందమే!

ఫిజియో అక్క: చంటిపిల్లల మెడ జోలికి మాత్రం పోనివ్వొద్దు. తల బరువు, మెడ ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్లు వదులు. రెండేళ్లలోపు పిల్లల వెన్ను తిప్పొద్దని 2019లో ఆస్ట్రేలియా కైరోప్రాక్టిక్ బోర్డే ఆపింది. డౌన్ సిండ్రోమ్ ఉంటే మెడ పై ఎముకలు జారి వెన్నుపాముకే దెబ్బ తగలొచ్చు. మెడ ఒకవైపు వాలిపోతుంటే అది కండరం బిగుసుకోవడం కావచ్చు, ఫిజియోథెరపీ తొందరగా మొదలుపెడితే చాలామందికి సరిపోతుంది. నాలుగు నెలలకు మెడ నిలవకపోయినా, తొమ్మిదికి కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా డాక్టరుకు చూపించకుండా ఆగొద్దు.

పుత్తూరు బైపాస్: మరి మన పుత్తూరు కట్టు?

ఫిజియో అక్క: అది విరిగిన ఎముకకు కట్టేది, ఎత్తుకు సంబంధం లేదు. ఏ కట్టయినా వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పించాలి.

చీలకాలు: వెన్ను వంకర అనుమానముంటే చొక్కా తీసి, రెండు అరచేతులూ కలిపి ముందుకు వంగమనండి. వంకర ఉంటే, వెనక నిలబడి చూసినప్పుడు ఒకవైపు పక్కటెముకలు గూనిలా లేస్తాయి. అప్పుడు బర్డ్ లాంటి ఎముకల ఆసుపత్రిలో నిలబెట్టి ఎక్స్‌రే. పది డిగ్రీలు దాటితేనే స్కోలియోసిస్ అంటారు, పెరిగే వయసులో 25 దాటితే బెల్టు.

టేపు పట్టినోడు: టీకాల కార్డు, స్కూల్లో రాసిన పాత ఎత్తులు డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి. అవి లేకుంటే ఆరు నెలలాగి మళ్లీ కొలవాల్సి వస్తుంది.