"మూర్ఖహస్తే"నా, "పరహస్తే"నా? ఒక పాత బ్లాగు పక్కపట్టీలో చూసిన శ్లోకం

అరసున్న:
మూడు రోజులుగా ఒక శ్లోకం నోట్లో నానుతోంది, పూర్తిగా పైకి రావట్లేదు. 2006 ప్రాంతంలో ఒక తెలుగు బ్లాగులో చూశాను. పుస్తకమే నోరు విప్పి మాట్లాడే శ్లోకం అది. "తైలాద్రక్షేజ్జలాద్రక్షేత్" (నూనె నుంచి, నీటి నుంచి కాపాడాలి) దాకా ఖాయం. తర్వాత ఏదో బంధనం. మూడో పాదం నాకు "పరహస్తే న దాతవ్యం" (పరాయి చేతికి ఇవ్వకూడదు) అనే గుర్తు. చివర "ఏవం వదతి పుస్తకం", అంటే ఇలా అంటోంది పుస్తకం అని. ఇప్పుడు అచ్చులో చూస్తే మూడో పాదం "మూర్ఖహస్తే" అని ఉంది. ఆ బ్లాగరి కావాలని మార్చారా, నేనే కలగలిపేశానా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఆ శ్లోకం ఉన్న చోటు అలాంటిది. పక్కపట్టీలో డెలీషియస్ (లంకెలు దాచుకునే వెబ్ సేవ) నుంచి వచ్చి పడే లంకెల జాబితా ఉండేది. వారు ఎక్కడ ఏం చదివి దాచుకున్నా అది అక్కడ ప్రత్యక్షమయ్యేది. ఆ జాబితాకి శీర్షికగా ఈ శ్లోకం. దాచుకున్నదంతా పరాయి చేతిలో పెట్టి, పైన "పరహస్తే న దాతవ్యం" అని రాసుకున్నారంటే అది యథాలాపంగా జరిగిన పని కాదు.

గంటం:
అచ్చు పాఠమే సరి. "మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్". మీకు "పర" ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడం తేలిక: "పుస్తకం వనితా విత్తం పరహస్తగతం గతం", పరాయి చేతికి వెళ్తే పోయినట్టే అని. రెండూ పుస్తకం గురించినవే, రెండూ అనుష్టుప్పులే, రెంటిలోనూ చెయ్యి ఉంది. జ్ఞాపకం రెండిటినీ అతికించేసింది. ఛందస్సు ఇక్కడ సాయం చెయ్యదు. ఐదో అక్షరం లఘువు, ఆరోది గురువు కావాలి. "న", "దా" సరిగ్గా ఆ చోట్లలో పడ్డాయి. ముందు మూర్ఖ పెట్టినా పర పెట్టినా పాదం కుంటదు.

వలపలగిలక:
గంటం గారు "గతం గతం" అని రాసినందుకు ప్రాణం లేచొచ్చింది. లోకమంతా "పరహస్తం గతం గతః" అంటోంది. పుస్తకం, విత్తం నపుంసకాలు, వనిత స్త్రీలింగం. కలిపి చెప్పినప్పుడు నపుంసకమే నిలుస్తుంది, ఏకవచనంలోనూ రావచ్చు. పాణిని దానికి సూత్రమే చేశాడు. ఆ విసర్గకి అక్కడ చోటు లేదు. మనం రోజూ వాడే "గతం గతః" కూడా ఈ శ్లోకం తోక పట్టుకుని వచ్చిందేనని నా సిద్ధాంతం.

సరే, అసలు సంగతి. మీరిద్దరూ మూడో పాదం దగ్గర ఆగిపోయారు గానీ పేచీ ఉన్నది రెండో పాదంలో. "రక్షేచ్ఛిథిలబంధనాత్" అని ఒక పాఠం, "రక్షేన్మాం శ్లథబంధనాత్" అని ఇంకొకటి. ఆ బ్లాగులో ఏది ఉండేది?

అరసున్న:
శిథిల. దాదాపు ఖాయంగా శిథిల. అది చూసే కదా, తెరుచుకోని లంకెకి శిథిలబంధం అన్న మాట బావుంటుందని అప్పట్లో అనుకున్నది!

వలపలగిలక:
చూశారా, తెలుగు చెవి ఎంత పని చేసిందో. మనకి శిథిలం అంటే కూలిపోయినది, కోట గోడలాంటిది. సంస్కృతంలో మొదటి అర్థం వదులైనది. శ్లథ అన్నా అంతే, రెండూ ఒకే ధాతువు పిల్లలు. వేదంలో శిథిర అని రేఫతోనే కనిపిస్తుంది. పుస్తకం భయపడుతున్నది కట్టు తెగిపోతుందని కాదు, వదులవుతుందని. తాడు వదులైతే ఆకులు ఉంటాయి, వరస తప్పుతాయి. మూడో ఆకు పదో ఆకు పక్కన చేరుతుంది. చదివేవాడికి ఏదో తేడాగా ఉందని కూడా తెలియదు. పోయినదానికంటే అది ప్రమాదం.

లంకెల విషయంలోనూ ఇదే తేడా. "పేజీ దొరకలేదు" అని 404 వచ్చిందనుకోండి, అది తెలుగు శిథిలం. పోయిందని తెలుస్తుంది, ఏడ్చి ఊరుకుంటాం. అదే చిరునామా తెరుచుకుని లోపల ఇంకేదో ఉందనుకోండి, అది సంస్కృత శిథిలం. లంకె ఉంది, కట్టు వదులైంది. ఈ రెండో రకానికి తెలుగులో పేరు పెట్టుకోలేదు మనం.

తాటాకు:
వలపలగిలక గారి రెండు శిథిలాలకీ దణ్ణం. నాకు మాత్రం మొదటి పాదమే గుచ్చుకుంటుంది. తాటాకుకి నూనె రాసి మరీ కాపాడతారు కదా, మరి "తైలాద్రక్షేత్" ఏమిటి? నా లెక్కన ఇది దీపం ముందు కూర్చుని రాసేవాడి భయం. ఆముదం చుక్క జారి అక్షరం మీద పడితే అంతే. అంటే ఈ శ్లోకం ఎవరో కవిది కాదు, ఎత్తిరాసేవాళ్ళది. "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా" అని చివర రాసుకునే కులం. చూసింది చూసినట్టు రాశాను, తప్పుంటే నాది కాదు అంటాడు. అలాంటివాళ్ళ శ్లోకంలో "పర" అని ఉండే వీలే లేదు. ఎత్తిరాసేవాడు బతికేదే పరహస్తం మీద. వాడు రాసేది ఇంకొకడి చేతికి వెళ్ళడానికే.

వానపిట్ట:
తాటాకు గారు చెప్పినదానికి నా దగ్గర సాక్ష్యం ఉంది. ఏడేళ్ళపాటు లంకెలన్నీ ఒక సేవలో దాచుకున్నాను. పేరు అనవసరం. ఒకరోజు చేతులు మారింది, ఫలానా తేదీలోగా ఒప్పుకోకపోతే మీ లంకెలు కొత్త చోటికి రావు అన్నారు. ఆ ఉత్తరం నేను వాడడం మానేసిన ఈమెయిలుకి వెళ్ళింది. అన్నీ పోయాయి. కానీ వాటిలో సగానికి పైగా తర్వాత దొరికాయి, ఎలాగంటే నా జాబితా చూసి తమ జాబితాలోకి ఎత్తిరాసుకున్నవాళ్ళ దగ్గర. నేను పెట్టిన ట్యాగులతో సహా, నేను చేసిన అక్షరదోషంతో సహా! "ఛందస్సు"ని "చందస్సు" అని కొట్టానొకసారి. ఆ వత్తు పోయిన చందస్సు ముగ్గురి దగ్గర కనిపించింది. పరహస్తం రెండు రకాలు. దాచిపెడతానన్నవాడి చెయ్యి, చదువుకునేవాడి చెయ్యి. మొదటిదాంట్లో పెట్టింది పోయింది, రెండోదాంట్లోకి వెళ్ళింది ఉంది.

డెలీషియస్ చరిత్ర చూసినా అంతే కదా. 2003లో జాషువా షాక్టర్ మొదలుపెట్టారు, 2005 డిసెంబరులో యాహూ కొంది, 2011లో యూట్యూబ్ స్థాపకుల కంపెనీకి వెళ్ళింది, 2017లో పిన్‌బోర్డ్ అనే మరో లంకెల సేవ చేతికి వచ్చింది. "పరహస్తగతం" అన్నది దానికే జరిగింది!

గంటం:
వానపిట్ట గారి "చందస్సు" చూస్తే వేమన గుర్తుకొచ్చాడు. డెలీషియస్‌లో ట్యాగుకీ ట్యాగుకీ మధ్య ఖాళీయే హద్దు, గుర్తుందా? "తెలుగు పద్యం" అని రాస్తే రెండు ట్యాగులయ్యేవి. కలిపి సమాసం చేస్తేనే ఒకటి. అక్కడ మన భాషకి పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఉంది. ఇబ్బందల్లా విభక్తులూ వచనాలూ. ఒకరు పద్యం, ఒకరు పద్యము, ఇంకొకరు పద్యాలు. మూడూ మూడు అరలు. ఇలా జనం ఎవరికి తోచిన పేరుతో వాళ్ళు అరలు కట్టుకోవడానికి 2004లో థామస్ వాండర్ వాల్ ఫోక్సానమీ అని పేరు పెట్టారు. పెట్టింది 2004లో గానీ పని మనకి పాతదే. "విశ్వదాభిరామ వినురవేమ" ఏమిటి? ట్యాగే. ఆ మకుటం తగిలిస్తే పద్యం ఆ అరలోకి వెళ్తుంది. బ్రౌన్ దొర 1829లో అచ్చువేసినప్పుడు 693 పద్యాలు, 1839 కూర్పులో 1164. మరిన్ని ప్రతులు దొరికే కొద్దీ అర పెరిగింది. అందులో వేమన్న అన్నవి ఎన్ని, జనం ఆ అరలో పెట్టినవి ఎన్ని అన్నది ఇవాళ్టికీ తేలలేదు.

వలపలగిలక:
గంటం గారూ, మకుటం కవి పెట్టేది, ట్యాగు పాఠకుడు పెట్టేది. రెండూ ఒకటి కావు.

గంటం:
వేమన విషయంలో పాఠకుడే పెట్టాడని కదా నేను చెప్తున్నది! ఆటవెలదిలో మూడు పాదాలు చెప్పగలిగినవాడు నాలుగోది ఆయన దగ్గర అప్పు తెచ్చుకున్నాడు. తన పేరు పోయినా తన మాట నిలవాలనుకున్నవాళ్ళు వాళ్ళు. వేమన్న పేరుతో చెలామణీ అయ్యే పద్యాల్లో చేవ లేనిది చాలా తక్కువ, జనం చేతి వడపోత అలాంటిది. ఏ ఓటూ ఏ లెక్కా లేకుండా నోటి మీద నిలిచినవి నిలిచాయి. నాకు ఆ పద్యాల్లో ఏది ఆయనది అన్న పట్టింపు పోయి చాలాకాలమైంది.

తాటాకు:
మీకు పోయినా నాకు పోలేదు. ఆయనది కానిదాన్ని ఆయన నోట్లో పెట్టడం తప్పే. విశ్వద అభిరామ ఎవరన్న చర్చలోకి మాత్రం వెళ్ళొద్దు, వారం పడుతుంది.

అరసున్న:
నా శ్లోకం ఎక్కడికో వెళ్ళిపోయింది. ఒకటి చెప్పండి. ఒక్క మాట మార్చి పాత వాక్యానికి కొత్త అర్థం తేవడం ఆ రోజుల్లో బ్లాగర్లు చేసేవారా, లేదా?

వలపలగిలక:
బ్లాగు అన్న మాటే అలా పుట్టింది కదండీ. 1997లో జార్న్ బార్గర్ వెబ్‌లాగ్ అన్నారు, వెబ్‌లో తిరుగుతూ రాసుకునే చిట్టా అని. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ తన పేజీ పక్కన దాన్ని "వీ బ్లాగ్" అని విడగొట్టారు. ఒక్క బకారం ఇటునుంచి అటు జరిగింది, అంతే. వస్తువు పేరు కాస్తా "మేం బ్లాగుతాం" అన్న క్రియ అయింది. తప్పుగా విడదీసిన సంధి నుంచి లోకానికంతటికీ ఒక మాట దొరికింది. కాబట్టి మీ బ్లాగరి "మూర్ఖ" తీసి "పర" పెట్టారంటే నేను నమ్ముతాను. ఆ తరానికి అక్షరం మీద ఆ చనువు ఉండేది. టపా అన్న పాత మాటని తపాలా సంచిలోంచి తీసి బ్లాగు పోస్టుకి పేరుగా పెట్టలేదూ?

గంటం:
నమ్మడం వేరు, పాఠం వేరు.

వానపిట్ట:
అరసున్న గారూ, ఆ బ్లాగు ఏదో పోల్చుకున్నాననుకుంటా. నా పాత కంప్యూటర్లోంచి తీసిన ఒక ఎగుమతి ఫైలు మిగిలింది. లంకెకి ఒక వరస. చిరునామా, పక్కన పదంకెల సంఖ్య, ట్యాగులు. ఆ సంఖ్య 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. ఈ వరసలో సంఖ్య 116తో మొదలైంది, అంటే 2006 అక్టోబరుకీ 2007 జనవరికీ మధ్య. ట్యాగు "పుస్తకరక్ష". కింద నేను రాసుకున్న గమనిక: "పక్కపట్టీలో శ్లోకం చాలా బావుంది, ఎత్తిరాసుకోవాలి." ఎత్తిరాసుకోలేదు.

చిరునామా కొడితే తెరుచుకుంటోంది. లోపల ఇంకెవరిదో పేజీ. ఆ చోటుని ఎవరో కొనుక్కున్నారు. వలపలగిలక గారి సంస్కృత శిథిలం ఇదే!

తాటాకు:
పాత వెబ్ పేజీల ప్రతులు దాచే వేబ్యాక్ మెషిన్‌లో చూడండి. జాబితా కనిపించదు, అది వేరే చోటినుంచి స్క్రిప్టు తెచ్చి పెట్టేది కాబట్టి. కానీ పేజీ మూలం తెరిస్తే ఆ స్క్రిప్టు చిరునామా ఉంటుంది, శీర్షిక అందులోనే ఇచ్చేవారు. తెలుగు అక్షరాలు శాతం గుర్తులతో, ఒక్కో అక్షరం మూడు జంటలుగా ఉంటాయి. ప, మ రెంటికీ మొదటి రెండు జంటలూ "ఈ0", "బీ0" అని ఒకటే. మూడో జంట "ఏఏ" అయితే ప, "ఏఈ" అయితే మ. మీ తగవంతా ఆ ఒక్క గుర్తు మీద ఉంది.

వానపిట్ట:
దొరికింది. 2007 నాటి ప్రతి. జాబితా ఉండాల్సిన చోట ఖాళీ, మూలంలో మాత్రం శీర్షిక ఉంది. కాగితం మీద ఒక్కో అక్షరం రాసుకుంటూ విప్పాను: తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్. ఇంతే. కొటేషన్ మూసేశారు, తర్వాతది జాబితాలో ఎన్ని లంకెలు చూపించాలన్న అంకె. శీర్షికగా పెట్టింది పూర్వార్ధం ఒక్కటే. మూడో పాదం ఇందులో లేదు.

వలపలగిలక:
శిథిలే! శ్లథ కాదు. చాలా సంతోషం వానపిట్ట గారూ. అయితే "రక్షేచ్ఛి" దగ్గర ఛకారానికి ముందు చకారం సరిగ్గా పెట్టారా, లేక "రక్షేత్ శిథిల" అని విడగొట్టారా?

వానపిట్ట:
సరిగ్గానే పెట్టారు. చ కింద ఛ వత్తు. తెలుగు టైపు చేసే లేఖినిలో కొట్టి ఉంటారు, అక్కడ అది తప్పకుండా వచ్చేది.

అరసున్న:
అయితే "పరహస్తే" నేనెక్కడ చూశాను? ఆ శీర్షిక నొక్కితే వారి డెలీషియస్ పేజీకి వెళ్ళేది. రెండో సగం అక్కడ పెట్టారేమో. పూర్వార్ధం తన ఇంట్లో, ఉత్తరార్ధం పరాయి ఇంట్లో.

గంటం:
లేదా మిగతా సగం మీరే పూరించుకున్నారు. మూర్ఖహస్తే.

అరసున్న:
గంటం గారూ, పూరించుకున్నానని ఒప్పుకోలేను. "ప" గుండ్రంగా, పైన తలకట్టుతో, కళ్ళ ముందు ఉంది. ఎవరి దగ్గరైనా "పుస్తకరక్ష" ట్యాగుతో 2006, 2007 నాటి ఎగుమతి ఫైలు ఉంటే ఒక్కసారి గమనికల గడి చూడండి. మనలో ఒకరైనా ఎత్తిరాసుకుని ఉంటారు.