సెషన్ సగంలో ఎంఆర్‌సీపీ దొరకడం మానేస్తోంది: దృష్టి చెదిరిందా, ఎలక్ట్రోడ్లా?

రిహాబ్_ఫిజియో:
స్ట్రోక్ పేషెంట్లకు ఈఈజీతో (తలపై ఎలక్ట్రోడ్లతో మెదడు తరంగాలు చూస్తూ) పాదం పైకెత్తే ట్రైనింగ్. ఎత్తాలనుకోగానే నడినెత్తిన సీజెడ్ ఎలక్ట్రోడ్ దగ్గర వచ్చే ఎంఆర్‌సీపీని, అంటే కదలికకు తయారయ్యే మెదడు తరంగాన్ని, పట్టుకుని కాల్లోని పెరోనియల్ నరానికి ఒక పల్స్ ఇవ్వాలి. మొదట్లో బాగానే దొరుకుతోంది, పోనుపోను సగానికి సగం మిస్. ఎలక్ట్రోడ్ల ఇంపీడెన్స్ (చర్మం దగ్గర అడ్డు) 5 కిలోఓమ్‌ల లోపే ఉంది. దృష్టి చెదిరితే సిగ్నల్ ఇంతగా మారుతుందా? తేల్చుకునేదెలా?

సిగ్నల్_బెంచ్:
మారుతుందండీ. ఈ తరంగం కదలికకు 1.5–2 సెకన్ల ముందు నుంచి మెల్లగా నెగటివ్ వైపు జారుతుంది, కదలిక మొదలయ్యే వేళకు అట్టడుగు తాకుతుంది. పరిమాణం 5–30 మైక్రోవోల్టులే. వెనక నడిచే ఈఈజీ చాలాసార్లు దీనికంటే పెద్దది. పేషెంటు మనసు ఇంకోచోట ఉంటే ఆ జారుడు పలచబడవచ్చు, లేదా అట్టడుగు తాకే సమయం ఒక్కోసారి ఒక్కోలా మారవచ్చు. ఏదైనా సరే, ముందుగా తీసిపెట్టిన నమూనా టెంప్లేట్‌తో పొంతన కుదరదు.

జారుడు తగ్గిందా, సమయం చెదిరిందా తెలియాలంటే పాదం ఎత్తే కండరం టిబియాలిస్ యాంటీరియర్ మీద ఈఎంజీ (కండరం విద్యుత్ రికార్డింగు) పెట్టండి. అవే ప్రయత్నాలను ఒకసారి క్యూ (ఎత్తమనే సంకేతం) నుంచి, ఇంకోసారి ఈఎంజీ మొదలైన క్షణం నుంచి సగటు తీయండి. క్యూ సగటు చప్పబడి, ఈఎంజీ సగటు నిక్షేపంగా ఉంటే టైమింగే చెదురుతోంది. రెండూ చప్పబడితే మెదడులో కదలికకు తయారీయే తగ్గింది. కండరంలో ఈఎంజీ అసలే కనపడనివారికి ఈ పరీక్ష పనికిరాదు.

అంతకుముందు యాంప్లిఫయర్ హైపాస్ (నెమ్మది తరంగాలను ఆపే ఫిల్టర్) చూడండి. 0.5 హెర్ట్జ్ ఉంటే మీ సిగ్నల్‌లో సగం అక్కడే పోయింది, 0.05 దగ్గర పెట్టాలి. అంత కిందకు దిగితే చెమట వల్ల సిగ్నల్ నెమ్మదిగా పక్కకు జరిగే డ్రిఫ్ట్ కూడా లోపలికొస్తుంది. ఇంపీడెన్స్ బాగున్నా అది ఆగదు. నడినెత్తికి కాస్త వెనకుండే పీజెడ్‌లో 8–12 హెర్ట్జ్ పెరిగితే మగతేమో అనుకోవచ్చు, కానీ కళ్లు మూసినా పెరుగుతుంది కాబట్టి ముఖం కూడా చూడాలి.

న్యూరో_పీటీ:
మిస్సయిన ప్రయత్నాలతోనే నష్టం ఆగదు. పల్స్ సమాచారం మెదడు పైపొర కార్టెక్స్ చేరి అక్కడ పని మొదలవడానికి సుమారు 50 మిల్లీసెకన్లు కావాలి. అది తరంగం అట్టడుగు తాకే క్షణానికి అందాలి. సమయం చెదిరితే పల్స్ వెళ్తుంది గానీ జత కుదరదు. 2004లో స్టెఫాన్ బృందం చేతి నరానికి స్టిమ్యులేషన్, తలపై మాగ్నెటిక్ పల్స్ జతచేసి చూసింది. చేతి మీదే ధ్యాస పెట్టినవారిలో కార్టెక్స్ ఉత్తేజం పెరిగింది, ధ్యాస పూర్తిగా మళ్లించినప్పుడు పెరగలేదు. వాళ్లు ఆరోగ్యవంతులు, అయినా ఇక్కడ గుర్తుపెట్టుకోదగ్గదే.

10–12 ప్రయత్నాలకో విరామం ఇవ్వండి. మధ్య ఎడం కొంచెం మారుస్తూ ఉండండి, ఒకే తాళంలో పోతే పని యాంత్రికమైపోతుంది. పక్కన కబుర్లు వద్దు, థెరపిస్టు మాటే రెండో పనవుతుంది. ఒక పక్కను పట్టించుకోని నెగ్లెక్ట్ ఉంటే స్క్రీన్ మొదట వాళ్లకు కనిపించే వైపుండాలి. ‘ఇంకా గట్టిగా!’ అన్నారంటే దవడ బిగిస్తారు, ఊపిరి బిగపడతారు. అదంతా సిగ్నల్‌లో చెత్తే.

రిహాబ్_ఫిజియో:
హైపాస్ 0.5లోనే ఉంది, 0.05కి మార్చాం. త్రెషోల్డ్ (సిగ్నల్ దొరికిందని ఒప్పుకునే హద్దు) కాస్త తగ్గిస్తే మిస్‌లు తగ్గవా?

సిగ్నల్_బెంచ్:
తగ్గుతాయి, కానీ పేషెంటు ఏమీ అనుకోనప్పుడు కూడా పల్స్ పడుతుంది. ముందు విశ్రాంతి రికార్డింగు మీద నడిపి ఎన్ని తప్పుడు ట్రిగ్గర్లు వస్తాయో లెక్కపెట్టండి. అంతకంటే మేలైన దారి, టెంప్లేట్ కోసం తీసే ప్రయత్నాల్లో కొన్నింటిని బీప్‌లు లెక్కపెడుతూ చేయించడం. చెదిరిన రూపాలూ అందులో చేరతాయి. హైపాస్ మార్చారు కాబట్టి పాత టెంప్లేట్ పనికిరాదు, మళ్లీ తీయండి.

న్యూరో_పీటీ:
ఆ బీప్‌లు టెంప్లేట్ వరకే. ట్రైనింగ్‌లోకి తేవద్దు, కనీసం పాదం మీద ధ్యాస నిలిచేదాకా. నడకకు రెండు పనులు ఒకేసారి కావాల్సిందే, అది తర్వాతి దశ.